ఢిల్లీకీ ఓ వారశూల ఉంది

మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి ప్రయాణం పెట్టుకోకూడదని, లక్ష్మివారం దక్షిణానికి కదలకూడదని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నవ్వి ఊరుకుంటారు. కానీ ఢిల్లీ వెళ్ళేవాళ్ళకి పంచాంగంలో లేని వారశూల ఇంకొకటుంది. దాన్ని నమ్మినా నమ్మకపోయినా ఒకటే, ఎందుకంటే గేటుకి తాళం వేసి ఉంటుంది. సోమవారం ఎర్రకోట మూత. నేషనల్ మ్యూజియం మూత. అక్షరధామ్ మూత. లోటస్ టెంపుల్ మూత. తీన్‌మూర్తిలో ఉన్న ప్రధానమంత్రుల సంగ్రహాలయం మూత. పోనీ బజారుకైనా పోదామంటే సరోజినీ నగర్, లజపత్ నగర్, కరోల్ బాగ్ మార్కెట్లకి కూడా సోమవారమే సెలవు. చాందినీ చౌక్‌లో కొట్లు మాత్రం ఆదివారం మూస్తారు. శుక్రవారం వచ్చేసరికి తాజ్‌మహల్ వంతు.

విజయవాడ, గుంటూరు నుంచి ఢిల్లీ వెళ్ళే కుటుంబాలు ప్లాను వేసే వరస దాదాపు అన్ని ఇళ్ళల్లోనూ ఒకటే. ముందు పిల్లల సెలవులు చూస్తారు. ఆ సెలవుల్లో ఏ రోజుకి బెర్తు దొరికితే ఆ రోజుకి టికెట్టు తీస్తారు. తర్వాత హోటల్. బండెక్కాక ఎవరో ఒకరు ఫోను తీసి చూడాల్సినవాటి జాబితా రాయడం మొదలెడతారు. ఈ వరసని పూర్తిగా తిరగేయాలి. ముందు వారం, తర్వాత నెల, ఆ తర్వాత టికెట్టు, టికెట్టు అయ్యాక బస. జాబితా అన్నిటికన్నా ఆఖర్న. అది ఎలాగూ అందరికీ ఒకటే: ఎర్రకోట, కుతుబ్ మినార్, ఇండియా గేటు, అక్షరధామ్, తాజ్. వాటిని ఏ రోజు ఎటు నుంచి పట్టుకోవాలన్న దగ్గరే తేడా వస్తుంది.

వారం లెక్కలో ఉన్న కిటుకు ఇది. సోమవారం ఢిల్లీకి పనికిరాదు కానీ ఆగ్రాకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. శుక్రవారం ఆగ్రాకి పనికిరాదు కానీ ఢిల్లీకి ఇబ్బందేమీ లేదు. ఇక విజయవాడ మీదుగా ఢిల్లీ వెళ్ళే బళ్ళన్నీ, ఏపీ ఎక్స్‌ప్రెస్ అయినా కేరళ ఎక్స్‌ప్రెస్ అయినా జీటీ అయినా, ఆగ్రా దాటుకునే పోతాయి. అయినా మనవాళ్ళు సుమారు 1750 కిలోమీటర్లు పోయి న్యూఢిల్లీలో దిగి, మూడో రోజు మళ్ళీ టాక్సీ కట్టించుకుని 200 పైచిలుకు కిలోమీటర్లు వెనక్కి వచ్చి తాజ్ చూసి, అదే దారిన మళ్ళీ పైకి పోతారు. అంటే ఒకే రోడ్డు మీద మూడుసార్లు. దానికన్నా ఆదివారం విజయవాడలో ఎక్కి, సోమవారం ఆగ్రా కంటోన్మెంటులో దిగిపోవడం మేలు. స్టేషన్లో సామాన్ల గది ఉంటుంది. పెట్టెలకి తాళం ఉండాలి, ప్రయాణం టికెట్టు చూపించాలి. తాళం లేని బ్యాగు తీసుకోరు కాబట్టి జిప్పు బ్యాగులకి పది రూపాయల తాళాలు ఇంటి దగ్గరే వేసుకు బయల్దేరాలి. తాజ్ చూసుకుని సాయంత్రం మరో బండికి ఢిల్లీ చేరవచ్చు. ఆరుకి కాస్త ముందు బయల్దేరే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ గంటా నలభై నిమిషాల్లో హజ్రత్ నిజాముద్దీన్‌లో దింపుతుంది. శుక్రవారం ఆ బండి కూడా లేదు, తాజ్ మూత కాబట్టి. విజయవాడ నుంచి ఆగ్రాకి ఒక టికెట్టు, ఆగ్రా నుంచి ఢిల్లీకి ఒక టికెట్టు విడివిడిగా తీసుకోండి. ఒకే టికెట్టు మీద మధ్యలో దిగి ఎక్కే వెసులుబాటు రూల్సులో ఉన్నా, రెండో ముక్కకి బెర్తు మళ్ళీ ఖాయం చేసుకోవాల్సిందే. ఆ గొడవ పెట్టుకోకపోవడమే నయం.

ఒక్క సంగతి చూసుకోవాలి. మీరెక్కే బండి ఆగ్రా చేరేది ఏ వేళకి? తమిళనాడు ఎక్స్‌ప్రెస్ అయితే తెల్లవారకముందే ఆగ్రా దాటిపోతుంది. ముసలివాళ్ళని ఆ చీకట్లో దింపి వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టడం కన్నా పగటి పూట చేరే బండి వెతుక్కోవాలి.

ఆ తర్వాత మంగళ, బుధ, గురు, శుక్ర, నాలుగు రోజులూ ఢిల్లీ. శనివారం తిరుగు బండి. ఉత్తరానికి ఆదివారం, దక్షిణానికి శనివారం అంటే అమ్మమ్మగారి పంచాంగానికి కూడా అభ్యంతరం ఉండదు.

నెల విషయంలో మన సెలవులు మనకి శత్రువులు. వేసవి సెలవులంటే ఢిల్లీలో 44, 45 డిగ్రీలు. బెజవాడ ఎండలు చూసినవాళ్ళం మాకేంటి అనుకుంటారు. మన ఎండ చెమట పట్టిస్తుంది, అక్కడి వడగాలి చెమట పట్టనివ్వకుండానే ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది. దాహం తెలియకపోవడమే అక్కడి ప్రమాదం. ఎర్రకోట, కుతుబ్ లాంటి చోట్ల నెత్తి మీద నీడ తక్కువ, కాళ్ళ కింద రాయి. సంక్రాంతి సెలవులు ఇంకో రకం చిక్కు. డిసెంబరు నడిమి నుంచి జనవరి ఆఖరు దాకా పొగమంచు. ఝాన్సీ దాటాక బండి నత్తనడక నడుస్తుంది, ఆరేడు గంటలు ఆలస్యమైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. వచ్చే బండి ఆలస్యమైతే అదే బోగీలతో తిరిగి వెళ్ళే బండి కూడా ఆలస్యమవుతుంది. అందుకే ఆ రోజుల్లో తిరుగు ప్రయాణం అయిన మర్నాడే ఆఫీసులో చేరతామనే లెక్క పెట్టుకోకూడదు. విమానమైనా అంతే. పొద్దున పది లోపు దిగేవాటికే మంచు దెబ్బ ఎక్కువ, మధ్యాహ్నం దిగే విమానం చూసుకోవాలి. పైగా జనవరి మూడో వారం నుంచి రిపబ్లిక్ డే రిహార్సల్సు. కర్తవ్యపథ్ (పాత రాజ్‌పథ్) చుట్టుపక్కల రోడ్లు కట్టేస్తారు. పెరేడ్ చూడ్డానికే వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి రక్షణ శాఖ ఆమంత్రణ్ పోర్టల్లో టికెట్లు పెడతారు. మిగతావాళ్ళు ఆ పది రోజులూ ఢిల్లీ వైపు చూడకపోవడం మంచిది. ఆగస్టు 15కి ముందు కూడా ఎర్రకోటలోకి సందర్శకుల్ని కొన్నాళ్ళు ఆపేస్తారు.

ఇక మిగిలింది దసరా సెలవులు. వాన వెళ్ళిపోయి, చలి ఇంకా రాక, దీపావళి తర్వాత కమ్ముకునే పొగ మొదలవక ముందు ఢిల్లీకి దొరికే మంచి రోజులివి. పిల్లల చదువు అడ్డం లేనివాళ్ళకి ఫిబ్రవరి నడిమి నుంచి మార్చి ఆఖరు వరకు అంతకన్నా బాగుంటుంది. రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యానం కూడా ఆ రోజుల్లో తెరిచి ఉంటుంది. దానికి ఆన్‌లైన్లో ముందుగా స్లాటు తీసుకోవడం మంచిది. అదీ సోమవారం మూతే.

దసరా అంటే టికెట్ల దగ్గర పోటీ. ఇక్కడే ఎక్కువమంది తేదీ దగ్గర పప్పులో కాలేస్తారు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరుకి ముందు 120 ఉండేది. ఆ 60 రోజులు లెక్కగట్టేది మీరెక్కే తేదీ నుంచి కాదు, బండి మొదటి స్టేషన్లో బయల్దేరే తేదీ నుంచి. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ రాత్రి పది ప్రాంతంలో చెన్నైలో బయల్దేరి తెల్లవారుజామున విజయవాడ వస్తుంది. మీరెక్కేది అక్టోబరు 5 తెల్లవారుజామున అనుకుందాం. బండి తేదీ అక్టోబరు 4. బుకింగ్ తెరిచేది ఆగస్టు 5 పొద్దున్న 8కి. ఆగస్టు 6న తీరిగ్గా కూర్చున్నవాళ్ళకి వెయిటింగ్ లిస్టు కనపడుతుంది. తత్కాల్ కూడా అంతే. ఆ బండికి తత్కాల్ తెరిచేది అక్టోబరు 3న, ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి. "రేపు ఎక్కాలి కదా" అని 4న కూర్చుంటే ఆట ముగిసి ఒక రోజైపోయి ఉంటుంది. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ కలిపి ఉంచుకోండి. తత్కాల్‌కి అది తప్పనిసరి. మామూలు బుకింగులో కూడా తెరిచిన తొలి రోజున అది లేనివాళ్ళకి ఆన్‌లైన్లో దారి ఉండదు.

వెయిటింగ్ లిస్టు వస్తే ముందున్న అక్షరాలు చూడండి. జీఎన్ అని ఉంటే కొంత ఆశ. ఆర్‌ఎల్ అనో పీక్యూ అనో ఉంటే అవి మధ్య స్టేషన్లకిచ్చే చిన్న కోటాలు, 15 నంబరున్నా తేలిగ్గా కదలదు. అలాంటి టికెట్టు నమ్ముకుని హోటల్‌కి పూర్తి డబ్బు కట్టేయడం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

తెల్లవారుజాము బళ్ళతో ఇంకో తిప్పలు. 5వ తేదీ నాలుగు గంటల బండి అంటే 4వ తేదీ రాత్రి భోంచేసి బయల్దేరాలి. 5వ తేదీ రాత్రి పెట్టెలు సర్దుకుని స్టేషన్‌కొచ్చేవాళ్ళు ఏటా ఉంటారు. గుంటూరువాళ్ళు ఆ వేళకి బస్సుని నమ్ముకోకూడదు. దూరం 32 కిలోమీటర్లే, కానీ పండిట్ నెహ్రూ బస్టాండులో దిగి, సామానుతో మళ్ళీ ఆటో పట్టుకుని రైల్వే స్టేషన్‌కి రావాలి. కారు మాట్లాడుకోవడమో, రాత్రే వచ్చి విజయవాడలో బంధువులింట్లో నడుం వాల్చడమో చెయ్యాలి.

విమానమా, రైలా? థర్డ్ ఏసీ మనిషికి రెండు వేలకి అటూ ఇటూ. గన్నవరం నుంచి నేరుగా విమానం రెండున్నర గంటల లోపు, రేటు మాత్రం ఆ రోజు అదృష్టం. నలుగురున్న ఇంట్లో అరవై దాటినవాళ్ళుంటే వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోవడమే మంచి బేరమని గట్టిగా చెప్పొచ్చు. వెళ్ళేటప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది, ఆగ్రా దారిలో కలిసొస్తుంది. నాలుగు రోజులు తిరిగాక మళ్ళీ ఒక పగలూ రాత్రీ బెర్తు మీద కూర్చోవడం పెద్దవాళ్ళకి శిక్ష. విమానమైతే టికెట్టు మీద టెర్మినల్ నంబరు చూడండి. 2, 3 టెర్మినళ్ళకి న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్ట్ మెట్రో ఉంది, 20 నిమిషాల ప్రయాణం. టెర్మినల్ 1 ఆ లైను మీద లేదు, మెజెంటా లైనులో పోవాలి. 3కి పోయి 1కి పరిగెత్తాలంటే మధ్యలో కొన్ని కిలోమీటర్ల రోడ్డుంది. ఎటునుంచి ఎటు ఎగిరినా గుంటూరు కారం పొడి చేతి సంచీలో పెట్టొద్దు, సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు. ఆవకాయ, కారం పొడి లగేజీలో వేసెయ్యాలి. ఎండు కొబ్బరి చిప్పలు లగేజీలోనూ పెట్టనివ్వరు, నూనెకి అంటుకునే గుణం ఉందని.

బస దగ్గర మనవాళ్ళు రేటు చూస్తారు, మెట్రో లైను చూడరు. పహాడ్‌గంజ్ చవక, స్టేషన్‌కి ఆనుకుని ఉంటుంది, గోల ఎక్కువ. కుటుంబంతో అయితే కరోల్ బాగ్ నయం. రెండూ బ్లూ లైను మీదే, ఒకదానికి ఆర్‌కే ఆశ్రమ్ మార్గ్, రెండోదానికి దాని పేరుతోనే స్టేషను. బ్లూ లైను మీద ఉంటే రాజీవ్ చౌక్, మండీ హౌస్, అక్షరధామ్ మారకుండా పోవచ్చు. ఊరవతల మంచి హోటల్ సగం రేటుకి వచ్చిందని సంతోషపడితే, మిగిలిన డబ్బు క్యాబులకి తడిసి మోపెడవుతుంది. హోటల్ నుంచి మెట్రో గేటుకి నడక 500 మీటర్లు దాటకూడదన్నది ఒక్కటే షరతుగా పెట్టుకోండి.

మెట్రో టికెట్లు 11 నుంచి 64 రూపాయల దాకా. స్మార్ట్ కార్డు తీసుకుంటే పది శాతం తగ్గుతుంది, కానీ ఒక కార్డు మీద ఒక్కరే వెళ్ళాలి. నలుగురికి ఒకటే కార్డు గీకుదామంటే గేటు ఒప్పుకోదు. సామాను మనిషికి ఒక పెట్టె, 25 కిలోలు. బండి వెళ్ళే దిశలో మొదటి బోగీ ఆడవాళ్ళది. తోసుకుంటూ అందులో ఎక్కిన మగవాళ్ళు జరిమానా కట్టుకుంటారు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది, ఈ వేళల్లో రాజీవ్ చౌక్‌లో పెట్టెలతో దిగడం అంటే పుష్కరాల్లో ఘాటు మెట్లు దిగినట్టే. జనంలో విడిపోతే ఏ స్టేషన్లో దిగి ఎక్కడ నిలబడాలో ఎక్కకముందే చెప్పుకోండి. ఇంకో మాట, పింక్ లైనులో ఒక స్టేషను పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో పుట్టిన స్వాతంత్ర్య సమరయోధురాలు, మన దుర్గాబాయే. ఎయిర్‌పోర్ట్ లైనులోని ధౌలా కువాఁ స్టేషన్ నుంచి అక్కడికి కదిలే నడకదారి వేశారు. ఆ పేరు ఎందుకు పెట్టారో పిల్లలకి చెప్పడానికి నడకంత సమయం దొరుకుతుంది.

ఆటోలకి మీటరుంది. మొదటి కిలోమీటరున్నరకి 30, ఆపైన కిలోమీటరుకి 11. ఆరు కిలోమీటర్లంటే 80 రూపాయలు. "మీటర్ సే చలోగే?" అన్న మూడు ముక్కలు నేర్చుకుంటే చాలు. రానంటే ఈ లెక్క మీద ఇరవై కలిపి బేరం మొదలెట్టండి. బేరానికి మనకొకరు నేర్పాలా? చాందినీ చౌక్ పెద్ద రోడ్డు మీద మాత్రం పగలంతా మోటారు బళ్ళు రానివ్వరు, సైకిల్ రిక్షానో కాళ్ళో.

నాలుగు రోజుల్ని దిక్కుల్ని బట్టి పంచుకోవాలి. ఒక రోజు ఉత్తరం: వయొలెట్ లైనులో లాల్ కిలా స్టేషన్ దిగితే ఎదురుగా కోట, అక్కణ్ణించి జామా మసీదు, చాందినీ చౌక్. దీన్ని శుక్రవారానికి పెట్టొద్దు, మధ్యాహ్నం నమాజు వేళ మసీదులోకి సందర్శకుల్ని రానివ్వరు. ఒక రోజు దక్షిణం: పొద్దున్నే కుతుబ్, తర్వాత లోటస్ టెంపుల్, సాయంత్రం హుమాయూన్ సమాధి. కుతుబ్ మినార్ ఎత్తు 72.5 మీటర్లు. లోపల మెట్లెక్కనిస్తారని ఆశ పడకండి, 1981 ప్రమాదం తర్వాత మూసేశారు. ఇలాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ళ లోపు పిల్లలకి టికెట్టు లేదు. పెద్దవాళ్ళది ఫోన్లో కొంటే కాస్త తక్కువ, వరస కూడా తప్పుతుంది.

నడిమి ఢిల్లీకి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. నేషనల్ మ్యూజియంలో మన పల్నాటి నాగార్జునకొండ శిల్పాలున్నాయి, ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వాలో దొరికిన బుద్ధుడి అస్థి ధాతువులున్నాయి. దీన్ని వదిలేసి జనపథ్‌లో బ్యాగులు బేరమాడేవాళ్ళని చూస్తే కడుపు మండుతుంది. మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. ఎవరైనా వెళ్ళొచ్చు, టోకెన్ తీసుకుని నిలబడాలి. పన్నెండున్నరకే చేరితే పప్పు, పొడి, నెయ్యి వేడి మీద దొరుకుతాయి. ఒంటిగంటన్నరకి వెళ్తే ఢిల్లీ మొత్తం మీ ముందు వరసలో ఉంటుంది. ఎండ తగ్గాక ఇండియా గేటు, 2019లో తెరిచిన నేషనల్ వార్ మెమోరియల్. పార్లమెంటు గ్యాలరీ చూడాలంటే పాసు మీ ఎంపీ సిఫారసు మీద రావాలి. ఊరు కదలకముందే ఆయన ఆఫీసులో పేర్లు, ఆధార్ నకళ్ళు ఇచ్చి ఉండాలి. ఢిల్లీలో దిగాక ఫోన్ చేస్తే పని కాదు.

అక్షరధామ్‌కి ఒక సాయంత్రం. అసలు ఇబ్బంది గేటు దగ్గర మొదలవుతుంది. ఫోన్లు, కెమెరాలు, బ్యాగులు, తినుబండారాలు ఏవీ లోపలికి రానివ్వరు. అన్నీ క్లోక్‌రూంలో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఫోను పోయిందంటే యూపీఐ పోయినట్టే. ప్రదర్శనలకి, నీటి షోకి టికెట్టు కొనాలంటే జేబులో నోట్లుండాలి. లోపలికెళ్ళాక విడిపోతే ఫోన్ చేసే దారి లేదు కాబట్టి, చేతికి గడియారం ఉన్నవాళ్ళని టైము చూస్తుండమని చెప్పి, "ఎనిమిదింటికి క్లోక్‌రూం కిటికీ దగ్గర" అని ముందే అనుకోండి. టోకెన్ పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ట్రావెల్స్ ప్యాకేజీ తీసుకుంటే ఇంత లెక్క అక్కర్లేదు కదా అంటారు. ఆరు రోజుల్లో ఢిల్లీ, ఆగ్రా, మథుర, హరిద్వార్, రిషికేశ్ అని కరపత్రం మీద ఉంటుంది. రోడ్డు మీద ఆగ్రా ఒక వైపు 230 కిలోమీటర్లు, హరిద్వార్ ఇంకో వైపు 220. రానూపోనూ 900. గంటకి 50 చొప్పున చూసినా 18 గంటలు బస్సు సీట్లోనే. అందులో ఢిల్లీకి మిగిలేది ఒకటిన్నర రోజు. అది కాస్తా సోమవారం అయిందా, ఎర్రకోటని బస్సు కిటికీలోంచి చూపిస్తారు. గంగ స్నానం చెయ్యాలనుంటే అది వేరే ప్రయాణం, దానికి దాని సెలవులు పెట్టుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు ముందు టికెట్టు మీద స్టేషను పేరు చూసుకోండి. చెన్నై రాజధాని లాంటివి న్యూఢిల్లీ నుంచి కాదు, నిజాముద్దీన్ నుంచి బయల్దేరతాయి. న్యూఢిల్లీ అయితే మెట్రో దింపేది అజ్మీరీ గేటు వైపు, అంటే 16వ నంబరు ప్లాట్‌ఫారం పక్క. ఒకటో నంబరు పహాడ్‌గంజ్ వైపు. మీ బండి ఏ చివర్న ఉందో బోర్డు చూసి, వంతెన మీద సామానుతో నడవడానికి ఇరవై నిమిషాలు, ఎక్స్‌రే మిషను దగ్గర వరసకి ఇంకో ఇరవై వేసుకోండి. "మీ టికెట్ క్యాన్సిల్ అయింది, పక్క ఆఫీసుకి రండి" అని మెడలో కార్డు వేసుకుని ఎవరైనా అడ్డం వస్తే ఆగకుండా నడిచి రైల్వే హెల్ప్‌లైను 139కి ఫోన్ చేసి పీఎన్‌ఆర్ చెప్పండి.